ఫేజ్ కొలిచేటప్పుడు 10ఎక్స్ ప్రోబ్‌తో తప్పు రీడింగ్ రాకుండా ఏం చేయాలి

ఒక ఇండక్టర్‌లో పవర్ ఎంత లాస్ అవుతోందో చూద్దామని ఆసిలోస్కోప్‌లో (స్కోప్) వోల్టేజ్ ఒక ఛానెల్‌లో, కరెంట్ ఒక ఛానెల్‌లో పెట్టి ఫేజ్ చూశాం అనుకోండి, అంటే ఒక వేవ్ ఇంకోదానికంటే ఎన్ని డిగ్రీలు ముందో వెనకో చూశాం. నిజంగా ఉన్నది 89 డిగ్రీలు. పవర్ లాస్ ఈ కోణం కొసైన్ (కాస్) మీద ఆధారపడుతుంది, కాస్ 89 అంటే 0.0175. మన రీడింగ్ ఒక్క డిగ్రీ తప్పి 88 అని వచ్చిందంటే కాస్ 0.0349 అయిపోతుంది, అంటే ఉన్న లాస్‌కి రెట్టింపు చూపిస్తుంది. వోల్టేజ్ కొలిచేటప్పుడు రెండు శాతం తేడా వస్తే పోనీలే అనుకుంటాం కదా, ఇక్కడ ఒక్క డిగ్రీకే మొత్తం లెక్క తారుమారు. పైగా ఆ డిగ్రీ చాలాసార్లు సర్క్యూట్‌లోది కాదు, సర్క్యూట్‌కి తగిలించి సిగ్నల్‌ని స్కోప్‌కి చేర్చే, మన చేతిలో ఉన్న ప్రోబ్‌లోది.

అందుకే ముందు ప్రోబ్ లోపల ఏముందో చూద్దాం, అది అర్థమైతే మిగతాదంతా మీకే తట్టేస్తుంది. 10ఎక్స్ ప్రోబ్ అంటే ఉత్త వోల్టేజ్ డివైడర్. మొన దగ్గర 9 మెగఓమ్ రెసిస్టర్, స్కోప్ లోపల 1 మెగఓమ్, రెండూ కలిసి సిగ్నల్‌ని పదో వంతు చేస్తాయి. రెసిస్టర్లు మాత్రమే ఉంటే గొడవే లేదు, కానీ స్కోప్ ఇన్‌పుట్‌కి ఓ 20 పికోఫారడ్ కెపాసిటెన్స్ ఉంటుంది, కేబుల్‌కి ఇంకో 80, 90 ఉంటుంది, అవన్నీ ఆ 1 మెగఓమ్‌కి పక్కన నిలబడి ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ సిగ్నల్‌ని కిందికి లాగేస్తాయి. దానికి విరుగుడుగా 9 మెగఓమ్ పక్కన కూడా ఒక చిన్న కెపాసిటర్ పెడతారు. పై రెసిస్టర్‌ని దాని కెపాసిటర్‌తో గుణిస్తే ఎంత వస్తుందో కింద రెసిస్టర్‌ని దాని కెపాసిటర్‌తో గుణిస్తే కూడా అంతే రావాలి. వచ్చిందంటే డీసీ దగ్గర అయినా మెగాహెర్ట్జ్ దగ్గర అయినా పదో వంతే వస్తుంది, ఫేజ్ తేడా సున్నా. స్క్రూడ్రైవర్‌తో తిప్పే ఆ బుల్లి స్క్రూ (ట్రిమ్మర్) ఉన్నది ఈ సమానం కుదర్చడానికే, దీన్నే కాంపెన్సేషన్ అంటారు.

అంకెలతో చూస్తే ఇంకా బాగా దిగుతుంది. కింద మొత్తం 108 పికోఫారడ్ అనుకోండి, 1 మెగఓమ్‌తో గుణిస్తే 108 మైక్రోసెకండ్లు. పైన 9 మెగఓమ్‌కి 12 పికోఫారడ్ పెడితే అదీ 108. కుదిరింది. ఇప్పుడు ట్రిమ్మర్ ఓ పది శాతం ఎక్కువ తిరిగి 13.2 అయ్యిందనుకోండి, ఫేజ్ ఎంత తప్పుతుందో నేను లెక్క వేశాను: 50 హెర్ట్జ్ దగ్గర 0.2 డిగ్రీ కూడా లేదు, 20 కిలోహెర్ట్జ్ దగ్గర 0.3, కానీ మధ్యలో 1.4 కిలోహెర్ట్జ్ దగ్గర మాత్రం 2.4 డిగ్రీలు! చాలామంది ప్రోబ్ తప్పులన్నీ హై ఫ్రీక్వెన్సీలోనే ఉంటాయి, ఆడియోకి ఏం పర్లేదులే అనుకుంటారు, ఫేజ్ విషయంలో అది పూర్తిగా ఉల్టా. కాంపెన్సేషన్ తప్పితే ఎక్కువ దెబ్బ తగిలేది ఒకటి రెండు కిలోహెర్ట్జ్ దగ్గరే, అంటే ఆడియో నడిమధ్యలో. పైకి వెళ్లేకొద్దీ ఫేజ్ తప్పు తగ్గిపోతుంది, ఆంప్లిట్యూడ్ తప్పు మాత్రం అలాగే ఉండిపోతుంది.

మరి 1ఎక్స్‌లో, అంటే సిగ్నల్‌ని తగ్గించకుండా నేరుగా పంపేలా పెట్టేస్తే ఈ డివైడర్ గోలే ఉండదు కదా అని అడుగుతారు. ఉండదు నిజమే, కానీ 1ఎక్స్‌లో ఆ కేబుల్, స్కోప్ కెపాసిటెన్స్ మొత్తం, ఆ 108, దాంతోపాటు ప్రోబ్ తలలో ఇంకొంచెం, కలిపి ఓ 120 పికోఫారడ్ నేరుగా మీ సర్క్యూట్ మీద పడుతుంది. 10ఎక్స్‌లో అయితే 12, 108 సిరీస్‌లో ఉన్నట్టు కాబట్టి సర్క్యూట్‌కి కనిపించేది 11 లోపే. సోర్స్ 10 కిలోఓమ్ ఉన్న పాయింట్ దగ్గర 10 కిలోహెర్ట్జ్ సిగ్నల్ చూస్తున్నారనుకోండి, 1ఎక్స్ వల్ల 4.3 డిగ్రీలు వెనక్కి జరుగుతుంది, 10ఎక్స్‌తో 0.4 మాత్రమే. 100 కిలోహెర్ట్జ్‌కి వెళ్తే 1ఎక్స్‌తో 37 డిగ్రీలు, ఇక ఆ కొలతకి అర్థమే లేదు. సిగ్నల్ మరీ చిన్నదై పదో వంతు చేస్తే నాయిస్‌లో కలిసిపోతుందంటే తప్ప ఫేజ్‌కి 1ఎక్స్ వద్దు. ఒక ఛానెల్‌లో 1ఎక్స్, ఇంకో ఛానెల్‌లో 10ఎక్స్ పెట్టి కొలవడం అయితే అసలు వద్దు. స్విచ్ ఉన్న ప్రోబ్‌లకి ఆ స్విచ్ చెయ్యి తగిలి జారిపోతుంది కూడా, మొదలుపెట్టే ముందు రెండింటినీ ఒకసారి చూసుకోండి.

సరే, పని మొదలుపెడదాం. ఒకే రకం ప్రోబ్‌లు రెండు తీసుకోండి, ఒకే మోడల్, ఒకే కేబుల్ పొడవు. ఏ ప్రోబ్ ఏ ఛానెల్‌దో ముందే రంగు రింగులు వేసి పెట్టుకోండి, ఎందుకంటే కాంపెన్సేషన్ అనేది ప్రోబ్‌కి ఒక్కదానికే సంబంధించింది కాదు, ఆ ప్రోబ్, ఆ ఛానెల్ జంటది. రెండు ఛానెళ్ల ఇన్‌పుట్ కెపాసిటెన్స్‌లో 2 పికోఫారడ్ తేడా ఉన్నా పై లెక్కలో దాదాపు అర డిగ్రీ వచ్చేస్తుంది. నేను ఒకసారి ఒక ఆంప్లిఫయర్‌లో ఫేజ్ వింతగా వస్తోందని రెండు సాయంత్రాలు ఫీడ్‌బ్యాక్ కెపాసిటర్లు మార్చుకుంటూ కూర్చున్నా, తీరా చూస్తే ముందురోజు టేబుల్ సర్దేటప్పుడు ప్రోబ్‌లు అటుది ఇటు ఇటుది అటు పెట్టేశా. రింగులు అప్పటికే డబ్బాలో ఉన్నాయి, ప్లాస్టిక్ కవర్ కూడా విప్పలేదు.

స్కోప్ ముందర ఉండే 1 కిలోహెర్ట్జ్ స్క్వేర్ వేవ్ పిన్‌కి ప్రోబ్ తగిలించి, ట్రిమ్మర్ తిప్పుతూ పైన గీత బల్లపరుపుగా వచ్చేవరకూ సెట్ చేయండి. మూలలు పైకి పొడుచుకొస్తే 9 మెగఓమ్ పక్కనున్న కెపాసిటర్ ఎక్కువైంది, గుండ్రంగా ఉంటే తక్కువైంది. ప్లాస్టిక్ స్క్రూడ్రైవరే వాడండి, లోహంది పెడితే అది తాకినప్పుడు ఒక రీడింగ్, తీస్తే ఇంకో రీడింగ్. ట్రిమ్మర్ కొన్నింటికి మొన దగ్గర ఉంటుంది, కొన్నింటికి స్కోప్‌కి తగిలించే కనెక్టర్ దగ్గర ఉంటుంది. ఇక్కడిదాకా అందరూ చేస్తారు, అయితే కంటితో చూసి సెట్ చేసింది ఫేజ్‌కి సరిపోదు, ఒకటి రెండు శాతం వంకర ఉన్నా స్క్రీన్ మీద బల్లపరుపుగానే అనిపిస్తుంది.

అందుకని రెండో మెట్టు ఒకటి ఉంది, నా దృష్టిలో అసలు పని ఇదే. సిగ్నల్ జనరేటర్‌ని 1.5 కిలోహెర్ట్జ్ సైన్ వేవ్‌లో పెట్టి రెండు ప్రోబ్‌ల మొనలూ ఒకే పాయింట్‌కి తగిలించండి, గ్రౌండ్ క్లిప్‌లు కూడా ఒకే చోట. ఇప్పుడు ఫేజ్ సున్నా రావాలి, కదా? రాదు. స్కోప్ మ్యాథ్‌లో ఛానెల్ 1 మైనస్ ఛానెల్ 2 పెట్టండి, అక్కడ మిగిలే చిన్న సైన్ వేవ్‌ని వీలైనంత పెద్దది చేసి చూడండి. ఒక డిగ్రీ తేడా ఉంటే అసలు సిగ్నల్‌లో 1.75 శాతం మిగులుతుంది, కర్సర్‌తో డిగ్రీలు లెక్కపెట్టేకంటే ఇది చాలా తేలిగ్గా కనిపిస్తుంది. ఆ మిగిలినదాన్ని అసలు సిగ్నల్ పక్కన పెట్టి చూస్తే ఇంకో గుట్టు బయటపడుతుంది: మిగిలిన వేవ్ శిఖరం అసలు సిగ్నల్ శిఖరం దగ్గరే (లేదా సరిగ్గా దానికి తిరగబడి) ఉంటే అది గెయిన్ తేడా, ఫేజ్‌ది కాదు, వదిలేయండి. అసలు సిగ్నల్ సున్నా దాటే చోట శిఖరం వస్తోందంటే అదీ మన దొంగ. రెండో ప్రోబ్ ట్రిమ్మర్‌ని వెంట్రుకవాసి కదుపుతూ ఆ భాగం పోయేవరకూ సెట్ చేయండి. మొదటి ప్రోబ్ కొంచెం తప్పుగా ఉన్నా రెండోది కూడా అంతే తప్పుగా ఉంటే ఫేజ్ తేడాలో రెండూ కొట్టుకుపోతాయి, మనకి కావాల్సింది తేడానే కాబట్టి రెండూ ఒకేలా ఉండటం ముఖ్యం. అయితే ఒక మాట, ఇదంతా మీరు అసలు కొలతలో వాడబోయే వోల్ట్స్ పర్ డివిజన్ సెట్టింగ్‌లోనే చేయండి, స్కోప్ లోపల సిగ్నల్‌ని తగ్గించే ఎటెన్యుయేటర్ మారినప్పుడు ఇన్‌పుట్ కెపాసిటెన్స్ కూడా కొంచెం మారొచ్చు.

తర్వాత కొలవబోయే ఫ్రీక్వెన్సీకి మార్చి మళ్లీ ఒకే పాయింట్ మీద చూడండి, ఎంత మిగిలిందో పుస్తకంలో రాసుకోండి, తర్వాత రీడింగ్‌లోంచి తీసేయొచ్చు. హై ఫ్రీక్వెన్సీలో మిగిలేది ఎక్కువగా కేబుల్ డిలే తేడానే. కేబుల్‌లో సిగ్నల్ మీటరుకి సుమారు 5 నానోసెకండ్లు తీసుకుంటుంది, 1 నానోసెకండ్ తేడా అంటే 1 మెగాహెర్ట్జ్ దగ్గర 0.36 డిగ్రీ, 10 మెగాహెర్ట్జ్ దగ్గర 3.6. ఒక మీటరు పొడవు తేడా ఉన్న ప్రోబ్‌లతో 1 మెగాహెర్ట్జ్ దగ్గరే 1.8 డిగ్రీలు పోతాయి. కొన్ని స్కోప్‌లలో డెస్క్యూ అని, ఛానెళ్ల మధ్య డిలే తేడా సరిచేసే మెనూ ఉంటుంది, అక్కడ నానోసెకండ్లు కొట్టేస్తే సరి. 100 కిలోహెర్ట్జ్ లోపల పనిచేసేవాళ్లు దీని గురించి ఎక్కువ బెంగ పెట్టుకోనక్కర్లేదు.

రాసుకోవడం కూడా బద్ధకం అనిపిస్తే ప్రోబ్‌లు మార్చి చూసే పద్ధతి ఉంది. ముందు మామూలుగా కొలవండి, తర్వాత స్కోప్ వైపు ఏమీ కదపకుండా సర్క్యూట్ వైపు మొనలు మాత్రం అటుది ఇటు మార్చి మళ్లీ కొలవండి. మొదటిసారి అసలు ఫేజ్ ప్లస్ తప్పు వస్తుంది, రెండోసారి మైనస్ ఫేజ్ ప్లస్ అదే తప్పు వస్తుంది, మొదటిదాంట్లోంచి రెండోది తీసేసి సగం చేస్తే తప్పు ఎగిరిపోతుంది. ఉదాహరణకి ఒకసారి 31.2, ఇంకోసారి మైనస్ 29.8 వస్తే అసలు ఫేజ్ 30.5, ప్రోబ్‌ల తప్పు 0.7.

ఇప్పుడు జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే ఇక్కడే తెలిసినవాళ్లు కూడా బోల్తా పడతారు. పై రెండు పద్ధతులూ ప్రోబ్‌ల మధ్య తేడాని పట్టుకుంటాయి, ప్రోబ్ సర్క్యూట్‌ మీద వేసే భారాన్ని పట్టుకోలేవు. జనరేటర్ అవుట్‌పుట్ 50 ఓమ్‌లు, దానికి 11 పికోఫారడ్ ఒక లెక్కా? కానీ మీ సర్క్యూట్‌లో ఆ రెండో పాయింట్ 10 కిలోఓమ్ వెనకాల ఉందనుకోండి, అక్కడ లెక్కే. ఒక 10 కిలోఓమ్ రెసిస్టర్, 1 నానోఫారడ్ కెపాసిటర్‌తో లో పాస్ ఫిల్టర్ కట్టి 15.9 కిలోహెర్ట్జ్ పంపితే పుస్తకం ప్రకారం 45 డిగ్రీలు రావాలి. 1ఎక్స్ ప్రోబ్ పెడితే కెపాసిటర్ 1.12 నానోఫారడ్ అయినట్టు, 48.2 డిగ్రీలు వస్తుంది. 10ఎక్స్ పెడితే 45.3. బాగానే ఉంది, కానీ ఆ 0.3 కూడా తీసేయాలంటే?

ఇంకో 10ఎక్స్ ప్రోబ్ ఉంటే అదే పాయింట్‌కి దాన్ని కూడా తగిలించండి, దాన్ని మూడో ఛానెల్‌కి పెట్టండి, మూడో ఛానెల్ లేకపోతే మొదటి ప్రోబ్ మొనలాంటి కెపాసిటెన్స్ వచ్చేలా 10 పికోఫారడ్ సిరామిక్ కెపాసిటర్‌ని చిన్న కాళ్లతో పాయింట్‌కీ గ్రౌండ్‌కీ మధ్య పెట్టండి. రీడింగ్ 45.3 నుంచి 45.6కి వెళ్లిందనుకోండి. రెండో ప్రోబ్ 0.3 జరిపిందంటే మొదటిది కూడా దాదాపు అంతే జరిపి ఉంటుంది, కాబట్టి ప్రోబ్ అసలు లేకపోతే 45.0 అన్నమాట. జరిగేది చిన్నదిగా ఉన్నంతవరకూ ఈ చిట్కా బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఐదు డిగ్రీలు జరిగిందంటే మాత్రం లెక్క నమ్మొద్దు, ఆ పాయింట్‌కి బఫర్ (సర్క్యూట్ మీద భారం వేయకుండా సిగ్నల్‌ని ముందుకి పంపేది) కట్టుకోండి. (మీ 1 నానోఫారడ్ నిజంగా 1 నానోఫారడేనా అన్నది వేరే సంగతి, దాని మీద 10 శాతం అని రాసి ఉంటే 45 రాలేదని ప్రోబ్‌ని తిట్టొద్దు.)

గ్రౌండ్ క్లిప్ గురించి రెండు ముక్కలు. ఆ 15 సెంటీమీటర్ల నల్ల వైరుకి సుమారు 150 నానోహెన్రీ ఉంటుంది, మొన 11 పికోఫారడ్‌తో కలిసి 125 మెగాహెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఒకటి రెండు మెగాహెర్ట్జ్ దాకా పర్లేదు, పైకి వెళ్తే ప్రోబ్ తొడుగు తీసేసి మొనకి చుట్టే చిన్న స్ప్రింగ్ గ్రౌండ్ వాడండి. రెండో ముక్క ప్రాణానికి సంబంధించింది: రెండు గ్రౌండ్ క్లిప్‌లూ స్కోప్ లోపల ఒకటే, అవి ఎర్త్‌కి కలిసి ఉంటాయి. మెయిన్స్‌కి నేరుగా కలిసిన సర్క్యూట్‌లో క్లిప్ ఎక్కడ పడితే అక్కడ పెట్టొద్దు, స్కోప్ ఎర్త్ పిన్ పీకేసి కొలవడం అయితే చేయనే చేయొద్దు. అలాంటి చోట డిఫరెన్షియల్ ప్రోబ్ (క్లిప్‌ని ఎర్త్‌కి కలపకుండా రెండు పాయింట్ల మధ్య తేడా కొలిచేది) వాడండి, దానికి రేటింగ్ చూసుకుని.

రీడింగ్ తీసుకోవడంలో తప్పులు వేరే ఉంటాయి. రెండు ఛానెళ్లూ డీసీ కప్లింగ్‌లో పెట్టండి. ఏసీ కప్లింగ్‌లో సిరీస్‌లో ఒక కెపాసిటర్ వస్తుంది, దాని కటాఫ్ 7 హెర్ట్జ్ అనుకుంటే 1ఎక్స్‌లో 50 హెర్ట్జ్ సిగ్నల్ 8 డిగ్రీలు ముందుకి జరుగుతుంది. 10ఎక్స్ ప్రోబ్‌తో ఆ కటాఫ్ పదో వంతు అవుతుంది కాబట్టి 0.8 డిగ్రీ, అదీ తక్కువేం కాదు. డీసీ ఎక్కువగా ఉండి తప్పదంటే రెండింటినీ ఏసీలో పెట్టండి, ఒకటి అది ఒకటి ఇది మాత్రం వద్దు. ఇన్వర్ట్ ఆన్‌లో ఉందేమో చూడండి, దానివల్ల 180 డిగ్రీలు తేడా వచ్చి బుర్ర పట్టుకున్నవాళ్లని చూశాను.

ట్రిగ్గర్ పెద్ద సిగ్నల్ ఉన్న ఛానెల్ మీద పెట్టండి, రెండు వేవ్‌లూ స్క్రీన్ నిండా పరుచుకునేలా స్కేల్ పెట్టండి, యావరేజింగ్ 32 లేదా 64 పెట్టండి. డిజిటల్ స్కోప్ చాలావాటికి నిలువుగా 256 మెట్లే, రెండు డివిజన్ల ఎత్తున్న వేవ్ మీద సున్నా ఎక్కడ దాటిందో అది కూడా సరిగ్గా చెప్పలేదు. తర్వాత ఒక వేవ్ సున్నా దాటిన చోటు నుంచి ఇంకో వేవ్ అదే దిశలో దాటిన చోటుకి టైమ్ కొలిచి, పీరియడ్‌తో భాగించి, 360తో గుణించండి. 15.9 కిలోహెర్ట్జ్‌కి పీరియడ్ 62.9 మైక్రోసెకండ్లు కాబట్టి ఒక డిగ్రీ అంటే 0.17 మైక్రోసెకండ్, టైమ్‌బేస్ దానికి తగ్గట్టు పెట్టుకోవాలి. ఎడమ వైపు ముందు దాటిందే ముందున్నది, స్క్రీన్ మీద కుడికి ఉంది కాబట్టి అదే ముందుంది అనుకునే పొరపాటు మొదట్లో అందరం చేస్తాం. డీసీ ఆఫ్‌సెట్ ఉంటే సున్నా గీత దగ్గర కాకుండా వేవ్ సరిగ్గా సగం ఎత్తు దగ్గర చూడండి.

పాత ఎనలాగ్ స్కోప్ ఉన్నవాళ్లకి ఒక చిట్కా, నాకైతే ఇప్పటికీ ఇదే ఇష్టం: టైమ్‌బేస్ వేరియబుల్ నాబ్ తిప్పి సగం సైకిల్ సరిగ్గా 9 డివిజన్లు వచ్చేలా పెట్టండి, అంటే డివిజన్‌కి 20 డిగ్రీలు, ఇప్పుడు 10 రెట్ల మాగ్నిఫయర్ లాగితే డివిజన్‌కి 2 డిగ్రీలు. కాలిక్యులేటర్ అక్కర్లేదు. ఎక్స్ వై మోడ్‌లో (ఒక ఛానెల్ అడ్డంగా, ఇంకోటి నిలువుగా) వచ్చే లిసాజు బొమ్మ కూడా ఫేజ్ సున్నాకి దగ్గరగా ఉన్నప్పుడు చాలా చురుగ్గా పట్టిస్తుంది, దీర్ఘవృత్తం సన్నగా మూసుకుపోయి గీతలా అయితే సున్నా, కానీ 90 దగ్గర అది దాదాపు గుండ్రమే కాబట్టి అక్కడ రెండు మూడు డిగ్రీల తేడా కంటికి ఆనదు.

మొదట చెప్పిన ఇండక్టర్ దగ్గరికి వస్తే, కరెంట్ చూడటానికి గ్రౌండ్ వైపు షంట్ రెసిస్టర్ (కరెంట్‌ని చిన్న వోల్టేజ్‌గా చూపించేది) పెడతాం కదా, ప్రోబ్ ఎంత బాగా సెట్ చేసినా ఆ షంట్‌కే ఇండక్టెన్స్ ఉంటే మొత్తం శ్రమ దండగ. 0.1 ఓమ్ షంట్‌కి 10 నానోహెన్రీ ఉంటే 100 కిలోహెర్ట్జ్ దగ్గర 3.6 డిగ్రీలు ముందుకి జరుగుతుంది, వైర్ చుట్టిన సిమెంట్ రెసిస్టర్ అయితే ఇంకా ఘోరం. 1 ఓమ్ చిప్ రెసిస్టర్లు పది పక్కపక్కన పేర్చి, ప్రోబ్‌ని సరిగ్గా వాటి చివర్ల దగ్గరే తగిలించండి, దూరంగా సోల్డర్ చేసిన వైరు మీద కాదు.

పది మెగాహెర్ట్జ్ దాటి పనిచేసేవాళ్లకి ఈ 9 మెగఓమ్ ప్రోబ్ కంటే చేత్తో కట్టుకునేది మేలు. 50 ఓమ్ కోయాక్స్ కేబుల్ మొనకి 453 ఓమ్ చిప్ రెసిస్టర్ సిరీస్‌లో సోల్డర్ చేసి, స్కోప్ ఇన్‌పుట్ 50 ఓమ్‌లో పెడితే అదే పదికి ఒకటి డివైడర్. ఇందులో తిప్పాల్సిన ట్రిమ్మర్ ఏమీ లేదు, 1 కిలోహెర్ట్జ్ దగ్గర వంకర లేదు, మొన కెపాసిటెన్స్ ఒక పికోఫారడ్ కూడా ఉండదు. కాకపోతే సర్క్యూట్‌కి 500 ఓమ్ లోడ్ పడుతుంది, డీసీ బయాస్ కదిలిపోతుందనుకుంటే ముందు ఒక 0.1 మైక్రోఫారడ్ పెట్టండి. స్కోప్ 50 ఓమ్ ఇన్‌పుట్ చాలావాటిలో 5 వోల్ట్ ఆర్ఎమ్ఎస్ మాత్రమే తట్టుకుంటుంది, అది దాటకుండా చూసుకోండి. రెండు కడితే కేబుల్ రెండింటికీ ఒకే చుట్ట లోంచి కోయండి, పక్కపక్కన పెట్టి మిల్లీమీటర్ తేడా లేకుండా, తర్వాత మళ్లీ అదే పని, రెండు మొనలూ ఒకే పాయింట్ మీద పెట్టి ఎంత మిగిలిందో రాసుకోవడం.